యలమందమ్మకు వేసిన దండ

యలమందమ్మ చనిపోయిందన్న సంగతి యలమందమ్మకు ఒక ఫ్లెక్సీ చెప్పింది.

గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో ఆటో ఆగింది. అంకారావు ముందు దిగి, తల్లి మోచెయ్యి పట్టుకుని దింపాడు. ఆవిడ ఒక కాలు నేల మీద, ఒక కాలు ఆటోలో ఉంచి అలాగే ఆగిపోయింది. హాలు గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. ఎడమవైపు అరుణిక ఎక్స్‌పోర్ట్స్ వారి ఎర్ర మిరపకాయ గుర్తు. కుడివైపు ఆవిడ ముఖం. ముఖం చుట్టూ బంతిపూల దండ. దండ కింద వెలుగుతున్న దీపం.

ఆవిడకు చదువు రాదు. ఆ బొమ్మకు చదువుతో పని కూడా లేదు.

“ఏరా, నేనెప్పుడు పోయాను?” అంది.

దీపం పక్కన అక్షరాలు అంకారావు చదువుకున్నాడు. ‘కీర్తిశేషురాలు యలమందమ్మ గారి స్మృతిలో, చిత్రకారుడు అంకారావు చిత్ర ప్రదర్శన.’ ఆ కింద కంపెనీ ఫౌండేషన్ పేరు. ఆ కింద ప్రారంభ సమయం, పదకొండు గంటలు. అప్పుడు పదిన్నర అయింది.

అంకారావు సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు మాస్టారు. వయసు నలభై మూడు. ఇరవై ఏళ్లుగా బొమ్మలు గీస్తున్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ కొనలేదు. గీసినవన్నీ స్కూలు స్టోరు రూములో, విరిగిన బెంచీల వెనక ఉండేవి. అందులో పద్దెనిమిది బొమ్మలు మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లవి. ఎగుమతికి వెళ్లే కాయకు తొడిమ ఉండకూడదు. ఊరి బయట రేకుల షెడ్లలో ఆడవాళ్లు వరసలుగా కూర్చుని ఒక్కొక్క కాయా తీసి గిల్లుతారు. యలమందమ్మ అరుణిక వాళ్ల షెడ్డులో ముప్పై ఒక్క ఏడు ఆ పని చేసింది. మొగుడు పోయినప్పుడు అంకారావుకి రెండేళ్లు. ఆ షెడ్డే వాణ్ణి చదివించింది. ఆ షెడ్డే ఆవిడ ఊపిరితిత్తుల్ని తినేసింది.

పద్దెనిమిదిలో పెద్దది యలమందమ్మ బొమ్మ. ఆవిడ దాన్ని చూడలేదు. ఇంట్లో అంత చోటు లేక అంకారావు స్కూల్లోనే వేశాడు. ఆవిడకు నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. అయినా ఈ రోజు కోసం మంగళగిరి చీర కట్టింది. బస్సులో గంటసేపు కిటికీకి ముఖం పెట్టి దగ్గుతూ వచ్చింది. ఆ బొమ్మ చూడాలి, అంతే ఆవిడ కోరిక.

అంకారావు ఆవిడను గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి పరుగెత్తాడు.

కంపెనీ తరఫున ప్రదర్శన పనులు చూసే అమ్మాయి పేరు దీప్తి. ఇరవై ఏడేళ్లుంటాయి. ఏదో పని మీద స్కూలుకు వచ్చి, స్టోరు రూములో బొమ్మలు చూసి, మూడు నెలలు పై వాళ్ల చుట్టూ తిరిగి ఒప్పించింది ఆ అమ్మాయే. గేటు మీద ఫ్లెక్సీ గురించి అంకారావు చెప్పగానే ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోను తీసి పాత మెసేజీలు వెతికింది.

తప్పు ఎక్కడ జరిగిందో రెండు నిమిషాల్లో తేలింది. అంకారావు తల్లి ఫొటో పంపాడు, అమ్మకు అంకితం అని రాశాడు. దీప్తి అవి ఫ్లెక్సీ షాపుకు పంపింది. షాపు నుంచి దండా దీపంతో డిజైన్ తిరిగొచ్చింది. తల్లి లేదు కాబోలు, తనకే తెలియలేదు అనుకుంది దీప్తి. ఎందుకైనా మంచిదని అంకారావుకి వాట్సాప్‌లో పంపింది. ఆ రోజు అతను యూనిట్ పరీక్షలకు కాపలా ఉన్నాడు. పగిలిన ఫోను గ్లాసు మీద తన పేరు వెతుక్కున్నాడు. పేరు సరిగ్గా ఉంది. మొదటిసారి తన పేరు అంత పెద్ద అక్షరాల్లో ఉంది. సరేనన్నట్టు బొటనవేలి గుర్తు పంపి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

అదే డిజైను కంపెనీ ఎం.డి. చెన్నకేశవులు గారి దగ్గరికి వెళ్లింది. ఆయన కదిలిపోయారట. తొడిమలు తీసి కొడుకును చిత్రకారుణ్ణి చేసి కన్నుమూసిన తల్లి. ఇంతకన్నా ఏం కావాలి అన్నారట. ఆవిడ పేరు మీద స్కాలర్‌షిప్ పెట్టించారు. తొడిమల షెడ్లలో పనిచేసే వాళ్ల ఇళ్ల నుంచి పదిమంది ఆడపిల్లలకు ఇంటర్ రెండేళ్ల ఫీజు. పద్దెనిమిది బొమ్మలూ కంపెనీ కొత్త ఆఫీసుకు తీసుకోవాలని నిర్ణయించారు. పత్రికల వాళ్లకు కాగితం కూడా వెళ్లిపోయింది.

దీప్తి అతని రెండు చేతులూ పట్టుకుంది.

“సార్, ఈ ఒక్క పూట. రేపు నేనే నెమ్మదిగా చెప్తాను. ఇవాళ స్టేజీ మీద బయటపడితే ఆయన పరువు పోయిందనుకుంటారు. స్కాలర్‌షిప్ ఆపేస్తారు. బొమ్మలు మళ్లీ స్టోరు రూముకే.”

ఆ అమ్మాయి తన ఉద్యోగం సంగతి ఎత్తలేదు. అయినా అంకారావుకు తెలుసు.

అతను ఏదో అనేలోపే బయట కారు హారన్ వినిపించింది. చెన్నకేశవులు గారు పావుగంట ముందే వచ్చేశారు.

అంకారావు గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన కారు దిగి యలమందమ్మ ముందే నిలబడి ఉన్నారు. తెల్ల చొక్కా, మెడలో పులిగోరు, చూపులో నిజమైన దయ. ఆయన ఫ్లెక్సీ వంక చూశారు. కుర్చీలో ముసలమ్మ వంక చూశారు. మళ్లీ ఫ్లెక్సీ చూశారు.

“అచ్చం ఆవిడే. ఎవరండీ ఈమె?”

ప్రశ్న అంకారావుకు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. అంకారావు తల్లి ముఖం చూశాడు. ఆవిడ కూడా అతని ముఖమే చూస్తోంది, వీడేం చెబుతాడా అని.

“మా పిన్నండి,” అన్నాడు అంకారావు.

యలమందమ్మ కొంగు భుజం చుట్టూ తిప్పుకుని ఎం.డి. గారికి దణ్ణం పెట్టింది.

“అవునండీ. వాళ్లమ్మ చెల్లెల్ని,” అంది.

హాలు నిండింది. గోడల మీద పదిహేడు బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద ఎర్ర మిరపకాయ గుర్తు. స్టేజీ పక్కన పెద్ద బొమ్మను బల్ల మీద నిలబెట్టారు. అందులో యలమందమ్మ మిరపకాయల రాశి ముందు కూర్చుని తలెత్తి నవ్వుతోంది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ మెడ మీదికి జారింది. ఎడమ బొటనవేలి గోరు పొడుగ్గా, మందంగా, కాయ రసం పట్టి నల్లగా ఉంది. ముందు వరసలో కూర్చుని ఆవిడ ఆ బొమ్మనే చూస్తోంది. ఎవరు మాట్లాడుతున్నారో ఆవిడకు పట్టలేదు. పక్క కుర్చీలో అంకారావు మాత్రం స్టేజీ వైపు చూడలేక, తల్లి వైపు చూడలేక, తన మోకాళ్లు చూసుకుంటున్నాడు.

చెన్నకేశవులు గారు స్కాలర్‌షిప్ ప్రకటించారు. పదిమంది పేర్లు చదివారు. యూనిఫారాల్లో ఆడపిల్లలు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. నాలుగో పేరు విని యలమందమ్మ తల తిప్పింది. ఆ పిల్ల జానీబీ మనవరాలు. జానీబీ షెడ్డులో ముప్పై ఏళ్లు ఆవిడ పక్క చోటులో కూర్చున్న మనిషి. మనవరాలిని పదో తరగతితో మాన్పించి తనతోపాటు షెడ్డుకు తీసుకెళ్తానని కిందటి నెలే వచ్చి ఏడ్చింది. ఆ పిల్ల యలమందమ్మను చూసింది. కళ్లు పెద్దవి చేసింది. నోరు తెరవబోయింది. యలమందమ్మ పెదవుల మీద వేలు పెట్టింది.

అప్పుడు ఎం.డి. గారికి ఒక ఆలోచన వచ్చింది. తోబుట్టువు ఇక్కడే ఉంది కాబట్టి రెండు మాటలు చెప్పమన్నారు. దీప్తి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతూ ముందుకు వచ్చింది. అప్పటికే ఎవరో మైకు తెచ్చి ముసలమ్మ చేతికిచ్చారు.

యలమందమ్మ మైకు పట్టుకుని లేచి నిలబడింది. అంకారావు మోకాళ్ల మీంచి చూపు ఎత్తాడు. ఒక్క మాట చాలు. నేనే ఆ యలమందమ్మను అంటే చాలు. అంటే బాగుండునని ఒక పక్క, అంటే ఏమైపోతానోనని ఒక పక్క.

“మా అక్కకి మాటలు రావండి. నాకూ రావు,” అని మొదలుపెట్టింది. “పొద్దున ఏడింటికి కాయల ముందు కూర్చుంటే చీకటి పడ్డాక లేచేది. ఎడం చేతి బొటనవేలి గోరు తీయించుకునేది కాదు. అదే కత్తి. ఇంటికొస్తే పిల్లోడు మీదికి ఉరికేవాడు. చేతులతో ఎత్తుకునేది కాదండి. కాయ మంట వారం కడిగినా పోదు. వాడి కళ్లకు తగులుద్దని, ఇదిగో, ఇట్టా మోచేతులతో ఎత్తుకునేది. అందరి అమ్మల్లాగా బుగ్గ పట్టుకోవాలని ఉండేది. వాడికి ఈ సంగతి తెలీదు.”

ఆవిడ దగ్గింది. ఆగి ఊపిరి కూడగట్టుకుంది.

“చివర్లో ఊపిరి అందేది కాదండి. పడుకుంటే దగ్గు. గోడకి చేరగిలబడి కూర్చునే నిద్రపోయేది. పోతానని భయపడలా. పోయేలోపు వాడు గీసిన బొమ్మ చూడాలంది.”

పెద్ద బొమ్మ వైపు తిరిగింది.

“చూసింది లెండి.”

మైకు ఇచ్చేసి కూర్చుంది.

చప్పట్లు చాలాసేపు మోగాయి. చెన్నకేశవులు గారు కళ్లు తుడుచుకున్నారు. అవన్నీ పాత రోజులని, ఇప్పుడు తమ షెడ్లలో మాస్కులు, ఫ్యాన్లు ఉన్నాయని, ఆ తల్లి పడ్డ కష్టం ఇక ఏ తల్లీ పడదని చెప్పారు. మళ్లీ చప్పట్లు. జానీబీ వాళ్లకు మాస్కులు పోయినేడు ఒక్క రోజు ఇచ్చారు. ఫొటో తీశాక తిరిగి తీసుకున్నారు. అది చెప్పగలిగిన మనిషి ముందు వరసలోనే కూర్చుని ఉంది, కానీ ఈ పూటకు ఆవిడ లేదు.

దండ వేసే వంతు కూడా తోబుట్టువుకే ఇచ్చారు. నిజం బంతిపూల దండ. బొమ్మ ఎత్తుగా ఉంది, ఆవిడకు అందలేదు. అంకారావు వెళ్లి ఒక కొస పట్టుకున్నాడు. తల్లీ కొడుకూ కలిసి తల్లికి దండ వేశారు. ఫొటోగ్రాఫరు ఇటు చూడమన్నాడు. బొమ్మలో నల్లటి గోరు పక్కనే, బల్ల అంచు పట్టుకున్న ముసలమ్మ వేలికి అదే గోరు. దీప్తి దాన్ని చూసింది. ముఖం పక్కకు తిప్పుకుంది.

తిరిగి సత్తెనపల్లి బస్సులో అంకారావు క్షమించమని అడగడానికి మూడుసార్లు నోరు తెరిచాడు. మూడుసార్లూ ఆవిడే ఏదో ఒకటి అడ్డం వేసింది. బొమ్మ బాగుందంది. ముక్కు కొంచెం పెద్దది పెట్టావంది. జానీబీ మనవరాలు కాలేజీకి పోతే ఇక ఆ షెడ్డు గడప తొక్కదంది. చివరికి కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ నవ్వింది.

“ఒక్కత్తిని పుట్టానని చిన్నప్పుడు ఎంత ఏడ్చానో. ఈ వయసులో చెల్లెలు దొరికిందిరా.”

అంకారావు నవ్వలేకపోయాడు.

దీప్తి మర్నాడు చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. అంకారావు కూడా ఫోను చేయలేదు. పదిమంది పిల్లలకూ రెండేళ్ల ఫీజు ఒకేసారి కాలేజీలకు కట్టేశారని తెలిశాక, ఇక చెప్పినా నష్టం లేదు అనుకున్నాడు. పిల్లలకైతే లేదు. ఈలోపు కంపెనీ నుంచి ఇంకో కబురు వచ్చింది. మార్చిలో విశాఖపట్నంలో రెండో ప్రదర్శన. ఈసారి పెద్ద హాలు. దివంగత మాతృమూర్తి గురించి అతనే పది నిమిషాలు మాట్లాడాలి. విశాఖ అయ్యాక చెబుదాం అనుకున్నాడు.

ఇంట్లో ఆవిడ దాన్ని హాస్యం చేసేసింది. జానీబీ ఏదైనా చేబదులు అడగడానికి వస్తే, చచ్చినదాన్ని నన్నెందుకు అడుగుతావే, మా చెల్లెల్ని అడుగు అనేది. ఇద్దరూ నవ్వేవాళ్లు. నవ్వు దగ్గులోకి దిగేది. జానీబీ వీపు రాసేది. అంకారావు లేచి బయటికి వెళ్లిపోయేవాడు. గుమ్మం అవతల నిలబడి, మోచేతుల మధ్య తన చిన్నప్పటి బరువు గుర్తు తెచ్చుకోవాలని చూసేవాడు. గుర్తొచ్చేది. అమ్మకు తనను చేతులతో ముట్టుకోవడం ఇష్టం లేదేమోనని ఐదేళ్ల వయసులో అనుకున్నది కూడా గుర్తొచ్చేది.

ఫిబ్రవరిలో కొత్త కాయ దిగింది. మిర్చి లారీలు ఊళ్లోంచి వెళ్తుంటే గాలి అంతా ఘాటు. ఒక బుధవారం పొద్దున ఆవిడ ఊపిరి తీసుకోలేకపోయింది. గుంటూరు తీసుకెళ్లేదాకా కూడా ఆగలేదు. దారిలోనే, అంబులెన్సులో, కొడుకు ఒడిలో తల పెట్టుకుని పోయింది.

ఐదో రోజు అంకారావు బ్రాడీపేట వెళ్లాడు. పెద్దకర్మకు ఫ్లెక్సీ కావాలి. సత్తెనపల్లిలో షాపులు లేక కాదు. పాత ఫోను పాడైపోయింది, దానితోపాటు అమ్మ ఫొటో కూడా పోయింది. దీప్తిని అడగడం ఇష్టం లేదు, ఇక అది ఉన్నది ఒక్క చోటే, ఆ మొదటి ఫ్లెక్సీ వేసిన షాపు కంప్యూటర్లో.

షాపు యజమాని యూసుఫ్ ముప్పై ఐదేళ్ల మనిషి. పేరు చెప్పగానే ఫైలు తెరిచాడు. దండ, దీపం, ముఖం తెర మీదికి వచ్చాయి.

“సంవత్సరీకానికా అన్నా? ఇంకా ఏడాది అవలేదే.”

“పెద్దకర్మకి.”

“ఎవరి పెద్దకర్మ?”

“మా అమ్మది. ఈవిడే మా అమ్మ. బుధవారం పోయింది.”

యూసుఫ్ తెర వంక చూశాడు. ఫైలు పక్కన ఆగస్టు తేదీ ఉంది. మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. షాపులో ప్రింటరు ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీని వేస్తోంది. దాని మీద ఒక కుర్రాడు, వాడి కింద పాతికమంది స్నేహితుల ముఖాలు.

అప్పుడు పెద్దావిడ ఫొటో ఒక్కటే వచ్చిందన్నాడు యూసుఫ్. బొట్టు లేదు. పక్కన నాయకుడి ఫొటో లేదు. కింద కుర్రాళ్ల ముఖాలు లేవు. అలాంటి ఫొటో ఒంటరిగా వస్తే ఈ ఊళ్లో అది ఒక్కదానికే అన్నాడు. దండ, దీపం ఉన్న డిజైను తెరిచి అందులో పెట్టేశానన్నాడు. ఆ మాటలూ దాంట్లో ముందే ఉంటాయట, పేరు ఒక్కటే మార్చాడట.

“అడగాల్సింది అన్నా. నేను అడగలా.”

“నేను చూడాల్సింది. చూడలా,” అన్నాడు అంకారావు.

యూసుఫ్ పని మొదలుపెట్టాడు. పోయిన బుధవారం తేదీ, పెద్దకర్మ తేదీ వేశాడు. అలవాటు కొద్దీ అడుగున ‘ఇట్లు, కుటుంబ సభ్యులు’ అని కొట్టాడు.

“అది తీసెయ్,” అన్నాడు అంకారావు. “ఇట్లు, కొడుకు అంకారావు. అంతే వెయ్యి.”

“అక్షరాలు ఎంత పెట్టమంటావు?”

“రోడ్డు మీద పోయేవాళ్లకి కనపడాలి. రెండు వెయ్యి. ఒకటి మా వీధికి. ఇంకోటి అరుణిక వాళ్ల షెడ్డు గేటు ఎదురుగా కడతా.”

యూసుఫ్ వెనక్కి తిరిగి చూశాడు. “అది వాళ్ల ఎం.డి. కంట పడుద్దన్నా. విశాఖలో నీ ప్రదర్శన ఉందని పేపర్లో వచ్చింది గదా.”

“ఉంది. నిన్నటిదాకా.”

దండ ఉంచాలా తీయాలా అని మాత్రం అడిగాడు యూసుఫ్. అంకారావు తెర మీద బంతిపూలు చూశాడు. ఉంచమన్నాడు.

ప్రింటరు కదిలింది. ముందు తెల్ల జుట్టు వచ్చింది. తర్వాత నుదురు, కళ్లు, ముక్కు. ముక్కు పెద్దది కాదు, మామూలుగానే ఉంది. బొమ్మలో తనే పెద్దది చేశాడు. చివరి వరస వచ్చేదాకా, అందులో కొడుకు అన్న మాట పూర్తయ్యేదాకా అతను నిలబడే ఉన్నాడు. యూసుఫ్ కత్తెరతో షీటు కోశాడు. ఆరేయడానికి రెండో కొస పట్టమన్నాడు.

“వేళ్లు తగలనీకన్నా. రంగు పచ్చిగా ఉంది. ముఖం చెరిగిపోద్ది.”

అంకారావు అరచేతులు వెనక్కి మడిచి, తల్లిని మోచేతుల మీదికి ఎత్తుకున్నాడు.